తుపాకీ తీసేశారు, బొమ్మ అమ్మేశారు

పిల్లవాడు పక్కవాణ్ని గిల్లినా, అమ్మకు ఎదురు చెప్పినా, అన్నం ముందు కూర్చుని మొరాయించినా ఈ రోజుల్లో దోషి కోసం వెతకాల్సిన పని లేదు. కార్టూన్లు చూసి చెడిపోయాడంటే చాలు, ఇంటిల్లిపాదీ తల ఊపుతారు. బడిలో తల్లిదండ్రుల సమావేశంలోనూ, పత్రికల్లో పాఠకుల లేఖల్లోనూ అదే మాట. సినిమాకి సెన్సారుంది కదా, పసిపిల్లలు చూసే కార్టూన్లకు ఎందుకు లేదు? కొట్టుకునే సీన్లు కోసేయండి, పెంకి మాటలు కోసేయండి, మాట వినకపోతే చానలే మూసేయండి.

ఈ మాట అనేవాళ్ల ప్రేమను నేను శంకించను. వాళ్లు వేస్తానంటున్న మందునే శంకిస్తాను. రోగం ఒకటైతే మందొకటి. పైగా ఈ మందు కొత్తదీ కాదు. అమెరికాలో దీన్ని ఏళ్ల తరబడి, పెద్ద మోతాదులో వాడి చూశారు. అక్కడ ఏం జరిగిందో చూశాక కూడా ఇదే కావాలని అడిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఆ కథ 1968లో మొదలవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని, జూన్‌లో రాబర్ట్ కెనెడీని కాల్చి చంపారు. వియత్నాం యుద్ధం రాత్రి వార్తలతో పాటు ఇళ్లలోకి వచ్చేస్తోంది. హింసకు కారణాలు వెతకమని అధ్యక్షుడు జాన్సన్ ఒక జాతీయ కమిషన్ని వేశాడు. యుద్ధాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు కానీ శనివారం పొద్దున్నే వచ్చే కార్టూన్లను ఆపడం తేలికే. స్పేస్ ఘోస్ట్, హెర్క్యులాయిడ్స్ లాంటి సాహస కార్టూన్లు ఒకటి రెండేళ్లలో తెర మీంచి తప్పుకున్నాయి. 1969 సెప్టెంబరులో మొదలైన స్కూబీ-డూ ఆ వాతావరణంలో పుట్టిందే. అందులో దయ్యాలుంటాయి, కానీ చివరికి చూస్తే దయ్యం ముసుగులో ఉన్నది ఎవడో మోసగాడు. పరుగులుంటాయి, దెబ్బలుండవు. (స్కూబీ-డూ మంచి కార్టూనే, దాంతో నాకు తగాదా లేదు.)

ప్రతి నెట్‌వర్క్‌లోనూ స్టాండర్డ్స్ అండ్ ప్రాక్టీసెస్ అనే విభాగం ఉండేది. స్క్రిప్టు అక్కడికి వెళ్లాలి, బొమ్మల కథాక్రమం అక్కడికి వెళ్లాలి, ఏది పనికిరాదో వాళ్లు రాసి పంపుతారు. 1973లో సూపర్ ఫ్రెండ్స్ వచ్చేసరికి పరిస్థితి ఎంత దాకా వచ్చిందంటే, సూపర్‌మన్, బ్యాట్‌మన్ లాంటి వీరులు కూడా పిడికిలి బిగించి దుర్మార్గుణ్ని ఒక్కటి గుద్దడం అరుదైపోయింది. మన సెన్సారువాదులు కలలు కనే లోకం అదే. హింస లేదు, బూతు లేదు, అమ్మానాన్నలు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఆ నిద్రలోనే దొంగ పడ్డాడు.

మాటెల్ అనే బొమ్మల కంపెనీ 1982లో హీ-మ్యాన్ బొమ్మలను బజారులో పెట్టింది. 1983 సెప్టెంబరులో హీ-మ్యాన్ కార్టూన్ వచ్చింది. వరస గమనించండి: ముందు సరుకు, తర్వాత కథ. మన దూరదర్శన్‌లోనూ వచ్చిన ఈ వీరుడి చేతిలో పెద్ద కత్తి ఉంటుంది, ఆ కత్తితో ఏ మనిషినీ నరకడు. శత్రువుని ఎత్తి బురదలో పడేస్తాడు. కథ అయ్యాక ఒక పాత్ర మనవైపు తిరిగి పిల్లలకు నీతి చెబుతుంది. కత్తెర పట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా బుద్ధిమంతుడైన కార్టూన్ దొరకదు. తర్వాత హాస్‌బ్రో కంపెనీ వంతు. జి.ఐ.జో అమెరికా సైనికుల కథ. యుద్ధమే దాని సరుకు. అయినా తూటాలుండవు, ఎర్రటి నీలపు లేజర్ కిరణాలుంటాయి. విమానం పేలిపోతే పైలట్ తప్పకుండా పారాషూట్ వేసుకుని దిగుతాడు. వేల కిరణాలు దూసుకుపోతాయి, ఒక్కడికీ తగలవు. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించారు. ఎపిసోడ్‌లో కొత్త ట్యాంకు కనిపిస్తే ఆ ట్యాంకు దుకాణంలో ఉంటుంది. కొత్త సైనికుడు కనిపిస్తే వాడూ ఉంటాడు.

1984లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయానికి ఉన్న పరిమితులను ఎత్తేసింది. అప్పటి చైర్మన్ మార్క్ ఫౌలర్ దృష్టిలో టీవీ కూడా ఇంకో గృహోపకరణమే, బొమ్మలు కనిపించే టోస్టర్ లాంటిది. అంతకు ముందు, 1978లో, ఏది ప్రకటనో ఏది కార్యక్రమమో తెలియని వయసు పిల్లలకు ఉద్దేశించిన ప్రకటనలను నిషేధించాలని అక్కడి వాణిజ్య కమిషన్ ప్రతిపాదించింది. 1980లో కాంగ్రెస్ ఆ కమిషన్ చేతులే కట్టేసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పిడికిలి చూపించడానికి అనుమతి లేదు. అరగంట సేపు బొమ్మల అంగడి నడపడానికి అడ్డు లేదు.

ఇందులో నన్ను ఎప్పుడూ వదలని ఉదాహరణ ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్లో ఆప్టిమస్ ప్రైమ్ అని ఒక నాయకుడు, రోబో అయినా పిల్లలకు తండ్రి లాంటివాడు. టీవీలో చావు చూపించడం కుదరదు కాబట్టి అతను ఎన్ని యుద్ధాలు చేసినా చావలేదు. 1986లో సినిమా తీశారు. సినిమాకి టీవీ నియమాలు వర్తించవు. అందులో ఆప్టిమస్‌ని చంపేశారు. కథ కోరిందని కాదు, హాస్‌బ్రో పాత బొమ్మల వరసను తీసేసి కొత్త వరస దింపాలనుకుంది కాబట్టి. థియేటర్లలో పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. గోల ఎంత అయిందంటే 1987లో మళ్లీ బతికించాల్సి వచ్చింది. పసివాళ్ల మనసును ఇన్నేళ్లు చావు నుంచి కాపాడిన కత్తెర, దుకాణం అలమార ఖాళీ చేయడానికి జరిగిన ఆ హత్యను ఆపలేకపోయింది. దాని పనిపట్టికలో ఆ పద్దే లేదు.

పిల్లల టీవీ కోసం అసలు పోరాటం చేసిన మనిషి ఈ సంగతి మొదట్లోనే పసిగట్టింది. మాసచూసెట్స్‌లోని న్యూటన్ ఊళ్లో 1968లో యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్ అనే సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు పెగీ చారెన్, పిల్లల తల్లి. ఆమె కార్యక్రమాల నిషేధానికి వ్యతిరేకి. ఫలానా కార్టూన్ ఆపండని ఉద్యమించిన మత సంఘాలతో ఆమె కలవలేదు. 1970లో ఆ సంఘం ఎఫ్‌సీసీని అడిగింది రెండు: పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు తీసేయండి, వారానికి కనీసం పద్నాలుగు గంటలు పిల్లల కోసం కార్యక్రమాలు వేయండి. అంటే తీసేయమన్నది అమ్మకాన్ని, పెంచమన్నది కథని. ఇరవై ఏళ్ల తర్వాత, 1988లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేయకుండా అటక మీద పెట్టేసిన బిల్లు 1990లో చట్టమైంది. ప్రకటనలకు వారాంతంలో గంటకు పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలు పరిమితి వచ్చింది. ఆమె కోరినదాంట్లో అది కొంతే. అయినా కత్తెర ఎన్నడూ సాధించనిది.

ఇక్కడ నన్నొకరు ఆపుతారు, ఆపాలి కూడా. వ్యాపారం సంగతి సరే, దెబ్బలు చూసి పిల్లలు దెబ్బలు నేర్చుకోరా? మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రయోగాలు లేవా?

ఉన్నాయి. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టి బండూరా, తోటి పరిశోధకులు పిల్లల ముందు ఒక గాలి బొమ్మను కొట్టి చూపించారు. 1963లో అదే పనిని సినిమాగా చూపించారు, పిల్లి వేషం వేసిన మనిషితో కార్టూన్ లాగానూ చూపించారు. మూడు రకాల్లోనూ చూసిన పిల్లలు బొమ్మను బాదారు. (కొడితే పడి మళ్లీ లేచే బొమ్మ అది, కొట్టడానికే పుట్టింది. ఆ అభ్యంతరాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.) సెన్సారు కోరేవాళ్లు ఈ ప్రయోగం పేరు చెప్పి ఇక్కడ ఆగిపోతారు. బండూరా ఆగలేదు. 1965లో అలాంటి సినిమాకే మూడు ముగింపులు పెట్టాడు. ఒకదాంట్లో కొట్టినవాడికి మెప్పు దొరుకుతుంది, ఒకదాంట్లో చీవాట్లు, శిక్ష. మూడోదాంట్లో ఏమీ జరగదు. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. ఏమీ జరగకపోవడం చూసిన పిల్లలు, మెప్పు చూసినవాళ్లతో దాదాపు సమానంగా కొట్టారు. తాయిలం ఇస్తాం, చూసింది చేసి చూపించండంటే మాత్రం మూడు జట్లూ చేసి చూపించాయి. నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు. చేయాలా వద్దా అన్నది మాత్రం, చేస్తే ఏమవుతుందో చూసినదాన్ని బట్టి ఉంది.

ఇప్పుడు కత్తెర ఏం కోస్తుందో ఆలోచించండి. రక్తం కోస్తుంది. నొప్పితో వచ్చే కేక కోస్తుంది. విరిగిన చెయ్యి, ఏడుస్తున్న తల్లి, చావు, ఇవన్నీ పసిపిల్లలకు కలవరం కలిగిస్తాయని తీసేస్తుంది. మిగిలేది ఏమిటి? లేజర్ కిరణం, పేలుడు, పారాషూట్, ఆ తర్వాత నవ్వు. అంటే ఏమీ జరగని ఆ మూడో ముగింపే. హింస వల్ల ఎవరికీ ఏమీ కాదన్న పాఠాన్ని వారం వారం చెప్పింది కత్తెర తప్పించుకున్న కార్టూన్లు కాదు, కత్తెర కింద నుంచి వచ్చినవే.

మన పెద్దలకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పక్కర్లేకుండానే తెలుసు. 1967లో వచ్చిన భక్త ప్రహ్లాద సినిమాను తెలుగువాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వెళ్లి చూశారు. ఒక తండ్రి కన్నకొడుకును ఏనుగుల కింద తొక్కించబోతాడు, పాములతో కరిపించబోతాడు, విషం పెడతాడు, చివరికి స్తంభం చీల్చుకుని వచ్చినవాడు ఆ తండ్రి పొట్ట చీలుస్తాడు. ఎస్వీ రంగారావు గర్జిస్తుంటే అమ్మ కొంగులో తల దాచుకున్న పిల్లలు ఎందరో. ఆ సినిమా చూసి ఎవరైనా తమ్ముణ్ని మేడ మీంచి తోశారని నేను వినలేదు. చందమామలో ప్రతినెలా విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచాడు. శంకర్ గీసిన ఆ బొమ్మ చూసి భయపడ్డాం, పేజీ మాత్రం తిప్పలేదు. ఆ కథల్లో హింసకు బరువుంది. చేసినవాడు అనుభవించాడు. పడ్డవాడి బాధ మనకు తెలిసింది. రక్తం లేకపోవడం వల్ల కాదు ఆ కథలు పిల్లలకు తగినవి అయింది.

మరి శక్తిమాన్? కార్టూన్ కాకపోయినా ఆ పేరు రాక మానదు. 1997లో దూరదర్శన్‌లో మొదలయ్యాక దాన్ని చూసి పిల్లలు ప్రమాదాలు తెచ్చుకున్నారని వార్తలొచ్చాయి. నిజమెంతో అతిశయోక్తి ఎంతో చెప్పడం కష్టం కానీ ఆ భయం వట్టిది కాదు. దానికి శక్తిమాన్ వేషం వేసిన ముకేశ్ ఖన్నా చేసింది మాత్రం చూడండి. తెర మీద పిల్లలతో నేరుగా మాట్లాడాడు, ఇలా చేయొద్దన్నాడు. ఎగిరే సీన్లు కోసేయలేదు. పిల్లవాణ్ని తెలివి ఉన్న మనిషిగా లెక్కగట్టి చెప్పాడు.

ఇంకొక వాదన కాస్త సొగసైనది. కట్టుబాట్ల వల్లే కళ పదునెక్కుతుందంటారు. 1992లో ఫాక్స్‌లో వచ్చిన బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్‌ని చూపిస్తారు. రాబిన్ తల్లిదండ్రులు సర్కస్‌లో తాడు తెగి చనిపోయే ఘట్టంలో పడిపోవడం చూపించలేదు. తెగిన తాడు ఒక్కటి ఊగుతూ వెనక్కి వస్తుంది. అంతే. ఆ ఎపిసోడ్‌కి 1993లో ఎమ్మీ వచ్చింది. అద్భుతమైన ఘట్టమే. కానీ దాని ఘనత ఆ తాడు గీసినవాళ్లది. కత్తెరకు అక్కడ కోయడానికి ఏమీ మిగల్చకుండా చావు బరువంతా చెప్పేశారు. ఆ ప్రతిభ లేని వందల కార్టూన్లు అవే కట్టుబాట్ల కింద నీరుగారిపోయాయి. పైగా ఆ ఘట్టం గొప్పతనం పర్యవసానాన్ని చూపించడంలోనే ఉంది. నా వైపు సాక్ష్యాన్ని వాళ్లెందుకు తెచ్చుకుంటారో నాకర్థం కాదు.

కత్తెర ఎంత హాస్యాస్పదంగా పనిచేస్తుందో చూడాలంటే బ్రిటన్ వెళ్లాలి. అక్కడ నింజా తాబేళ్ల కార్టూన్ పేరులో నింజా అన్న మాట పిల్లలకు మంచిది కాదని తీసేసి, హీరో తాబేళ్లు అన్నారు. మైకెలాంజెలో అనే తాబేలు చేతిలో గొలుసుతో కలిపిన రెండు కర్రలుంటాయి, అవి కనపడే చోటల్లా కోత పడింది. పక్కనే లియొనార్డో రెండు కత్తులు పట్టుకుని నిలబడ్డాడు, అతని జోలికి ఎవరూ పోలేదు. కర్ర ప్రమాదం, కత్తి క్షేమం. 2006లో ఒకే ఒక్క ప్రేక్షకుడి ఫిర్యాదు మీద టామ్ అండ్ జెర్రీలో పిల్లి సిగరెట్ కాల్చే దృశ్యాలకు కోత మొదలైంది. పిల్లి నెత్తిన పడే పియానోకి ఇబ్బంది రాలేదు. దాన్ని కూడా కోయమని నేను అనడం లేదు సుమా! కత్తెరకు తర్కం ఉండదు, ఎవరో ఒకరి చికాకు ఉంటుందని చెబుతున్నాను.

అయితే కార్టూన్లకు నియమాలే వద్దా? కావాలి. ఎలాంటివి కావాలో జపాన్ చూపించింది. 1997 డిసెంబరు 16న పోకెమాన్ ఎపిసోడ్ చూస్తుండగా ఆరు వందల మందికి పైగా పిల్లలు అస్వస్థతతో ఆస్పత్రుల పాలయ్యారు. కారణం వెతికారు: తెర మీద ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు పన్నెండు సార్ల చొప్పున మెరిశాయి. కార్టూన్ నాలుగు నెలలు ఆగింది. 1998లో ప్రసారకర్తలు మెరుపుల వేగానికి పరిమితులు రాసుకున్నారు. హాని కళ్లెదుట ఉంది, కారణం కొలవగలిగింది, నియమం ఆ కారణాన్నే తాకింది. కథలో ఒక్క మాటనూ ముట్టుకోలేదు. (ఆ ఎపిసోడ్‌లోని పోరీగాన్ అనే జీవికి ఆ తర్వాత టీవీ కథలో చోటే లేకుండా పోయింది. మెరుపు పుట్టించింది పికాచూ. అమాయకుడికి శిక్ష పడటంలో మాత్రం మానవ సంప్రదాయాన్ని పాటించారు.)

ఇక మన దగ్గరికి వద్దాం. కార్టూన్లకు నియమాలు లేవన్నదే అబద్ధం. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాలు, 1994లో ప్రోగ్రామ్ కోడ్ ఉంది. పిల్లల కార్యక్రమాల్లో చెడ్డ భాష, బాహాటమైన హింస ఉండకూడదని అందులో రాసి ఉంది. 2011 నుంచి ఫిర్యాదులు వినడానికి ప్రసారకర్తలే పెట్టుకున్న మండలి ఉంది. 2008లో షిన్‌చాన్ అనే కార్టూన్ మీద గోల లేచి ప్రసారం ఆగింది. తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చింది. ఏమైంది? పిల్లల్లో వాడి మోజు తగ్గిందా? ఐదేళ్ల పిల్లవాడు అమ్మను ఆట పట్టిస్తాడన్నది మన అభ్యంతరం. ఆ ఇంట్లో అప్పు వాయిదాలు కడుతూ అలసిపోయే నాన్న, చిర్రుబుర్రులాడుతూనే అందర్నీ సాకే అమ్మ ఉన్నారన్నది మనం గమనించలేదు. అసలు ఆ కథ జపాన్‌లో పెద్దల పత్రికలో పుట్టింది. దానికి కావాల్సింది వయసు చెప్పే చీటీ. ఓటీటీలకు 2021లోనూ, సినిమాలకు 2023 సవరణతోనూ ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అనే మెట్లు వచ్చాయి. పిల్లల చానళ్లలో ప్రతి కార్యక్రమానికీ అలాంటి మెట్టు చూపమని అడగడం న్యాయం. కోయమనడం కాదు.

మన హైదరాబాద్‌లోనే పుట్టి 2008 నుంచి దేశమంతా తిరుగుతున్న ఛోటా భీమ్ మీద కూడా ఇదే ఫిర్యాదు, గుద్దుతాడని. నాకు వాడి గుద్దుల కన్నా వాడి బడిసంచీ ఎక్కువ ఆసక్తికరం. నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, టీ-షర్టు, అన్నింటి మీదా వాడే. వాణ్ని సృష్టించిన రాజీవ్ చిలకా బృందం చేసింది నేరమని నేను అనను, బొమ్మలతో బతికే కంపెనీ బొమ్మలు అమ్ముతుంది. కార్టూన్ మధ్యలో వచ్చే ప్రకటనల మాటేమిటి? పిల్లలు ప్రకటనను కథ నుంచి విడదీయలేరన్న ఆధారంతో కెనడాలోని క్యూబెక్ ప్రాంతం 1980 నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలకు ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలను నిషేధించింది. దాన్ని కోర్టుకు ఈడ్చింది ఎవరో తెలుసా? ఒక బొమ్మల కంపెనీ. 1989లో కెనడా సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. స్వీడన్‌లోనూ పన్నెండేళ్ల లోపు పిల్లలకు టీవీ ప్రకటనలు గురి పెట్టకూడదు. ఈ చోట్ల పిల్లలు టామ్ అండ్ జెర్రీ చూడటం మానలేదు.

పిల్లలు టీవీ వదిలి ఫోన్‌లోకి వెళ్లిపోయారు కదా అంటే, అక్కడా కథ ఇదే. 2019లో అమెరికా వాణిజ్య కమిషన్ యూట్యూబ్‌కి 17 కోట్ల డాలర్ల జరిమానా వేసింది కొట్లాట సీన్ల మీద కాదు, ప్రకటనల కోసం తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల సమాచారం పోగేసినందుకు.

మన దగ్గర 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. చిప్స్, కూల్‌డ్రింకుల వంటి చిరుతిళ్ల ప్రకటనలు పిల్లల కార్యక్రమాల మధ్యగానీ, పిల్లల కోసమే నడిచే చానళ్లలో గానీ వేయకూడదని వాటిలో ఉంది. సెన్సారు కావాలని కేకలు వేసేవాళ్లలో ఎంతమందికి ఈ నియమం తెలుసు? దాన్ని ఎవరైనా పాటిస్తున్నారో లేదో చూసే తల్లిదండ్రులు ఎందరు? షిన్‌చాన్ నోటి మీద ఉత్తరం రాయడానికి పెట్టే ఓపికలో సగం దీని మీద పెట్టండి. ఈ ఆదివారం మీ పిల్లల పక్కన కూర్చుని కార్టూన్ కాకుండా దాని మధ్యలో వచ్చే ప్రకటనలు చూడండి, తేదీ, సమయం, చానల్ పేరు రాసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.